నడిస్తే నెల, ఎగిరితే గంటంపావు

మాడ్రిడ్ బరాహాస్ విమానాశ్రయం నుంచి శాంటియాగో డి కాంపొస్టెలాకు దూరం దాదాపు 485 కిలోమీటర్లు. టికెట్ మీద కనిపించే ప్రయాణ సమయం గంటంపావు. ఈ రెండు అంకెలూ పైకి ఎంత నిక్కచ్చిగా కనిపిస్తాయో లోపల అంత మెతక. 485 అనేది భూగోళం మీద రెండు చుక్కల్ని కలిపే అతి దగ్గరి గీత పొడవు. ఏ విమానమూ అచ్చంగా ఆ గీత మీదే పోదు. రన్‌వే ఏ దిక్కుకుంటే ఆ దిక్కుకు లేచి, కంట్రోలర్లు చెప్పిన మలుపులు తిరిగి, దిగాల్సిన రన్‌వేకు ఎదురుగా చుట్టు తిరిగి వస్తుంది. గంటంపావు సంగతీ అంతే. చక్రాలు నేల విడిచింది మొదలు మళ్లీ నేలను తాకేదాకా లెక్కిస్తే గంట నిండడం కష్టం. మిగతాదంతా గేటు నుంచి రన్‌వే దాకా దొర్లడం, వంతు కోసం కాచుకోవడం, ఆలస్యమైనా మాట పోకుండా కంపెనీలు ముందే కలుపుకునే నాలుగు నిమిషాలు.

ఇంత పొట్టి ప్రయాణం గురించి మామూలుగా ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోవలసి రావడానికి కారణం ఆ విమానం దిగే ఊరు. యేసు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడైన, జెబెదయి కుమారుడు యాకోబు సమాధి అక్కడి కెథడ్రల్‌లో ఉందని క్యాథలిక్కుల నమ్మకం. జెరూసలేం, రోమ్‌ల తర్వాత మధ్యయుగపు ఐరోపా అంతా కాలు సాచి నడిచింది ఈ ఊరికే. ఆ దారుల్లో బాగా పేరున్నది ఫ్రాన్స్ సరిహద్దులో, పైరనీస్ కొండల పాదాల దగ్గర ఉన్న సాన్ జాన్ పియే ద పోర్ అనే ఊళ్లో మొదలవుతుంది. అక్కడి నుంచి శాంటియాగోకు సుమారు 780 కిలోమీటర్లు. రోజుకు పాతిక కిలోమీటర్ల చొప్పున నడిచేవాళ్లకు నెల దాటుతుంది. పై ఎత్తుకు చేరి నిలకడగా పోయే జెట్ విమానం అంత దూరాన్ని గంటలో మింగేస్తుంది.

ఈ రెండు రకాల ప్రయాణాలూ ఒకదాన్నొకటి తాకే చోటు ఒకటుంది. శాంటియాగో విమానాశ్రయం కట్టింది లవకోయా అనే పల్లె దగ్గర. ఈ ప్రాంతం పేరు గలీసియా. 2020లో విమానాశ్రయానికి గలీసియా కవయిత్రి రొసాలియా డి కాస్ట్రో పేరు పెట్టారు గానీ స్థానికులకు అది లవకోయానే. 12వ శతాబ్దంలో యాత్రికుల కోసం రాసిన ఒక మార్గదర్శిని, కోడెక్స్ కలిక్స్‌టినుస్ అనే లాటిన్ సంపుటంలోని ఐదో భాగం, ఈ పల్లె వాగును ప్రత్యేకంగా చెబుతుంది. ఫ్రాన్స్ నుంచి వచ్చేవాళ్లు ఇక్కడ బట్టలు విప్పి, ఒంటి మురికంతా వదిలేలా స్నానం చేసి, అప్పుడు గాని అపొస్తలుడి ముందుకు వెళ్లేవారు కాదట. ఇప్పుడు నడక దారి ఈ ఊరు చేరే ముందు రన్‌వే చివరను చుట్టి పోతుంది. పక్కనే వైరు కంచె. దాని కంతల్లో వేలకొద్దీ చిన్న చిన్న శిలువలు. దారిలో ఏరుకున్న ఎండుపుల్లలు రెండు, ఒకదాని మీద ఒకటి అడ్డంగా గుచ్చితే శిలువ అయిపోయింది. కొన్నిటికి ఊలు పోగులు, కొన్నిటికి చెప్పుల తాళ్లు చుట్టి ఉంటాయి. వాన తడికి పాతవి రాలిపోతుంటాయి, కొత్తవి చేరుతుంటాయి. కంచె అవతల మాడ్రిడ్ విమానం దిగుతుంది. అందులోంచి దిగినవాడు అరగంటలో బస్సు మీద ఊళ్లో ఉంటాడు. కంచె ఇవతల ఉన్నవాడికి ఇంకా పది కిలోమీటర్లు, అంటే రెండున్నర గంటలు.

ఇద్దరూ ఒకే గుడికి పోతున్నారు. యాత్రికుడు అన్న మాట ఇద్దరికీ చెల్లుతుందా? దూరం తరిగితే యాత్ర కూడా తరుగుతుందా? ఇది పండితులకే పరిమితమైన ప్రశ్న కాదు. దీనికి అధికారికంగా జవాబు చెప్పే ఆఫీసు ఒకటి కెథడ్రల్‌కు కూతవేటు దూరంలో, కర్రెతాస్ వీధిలో ఉంది.

అది యాత్రికుల స్వాగత కార్యాలయం. అలసిన కాళ్లతో, బూట్లకు మట్టితో వచ్చినవాళ్లు టోకెన్ తీసుకుని వంతు కోసం నిలబడతారు. కౌంటర్ ముందుకు వచ్చాక జేబులోంచి మడతలు మడతలుగా ఉన్న అట్ట కాగితం తీసి పరుస్తారు. క్రెడెన్సియల్ అంటారు దాన్ని. దారి పొడుగునా సత్రాల్లో, చర్చిల్లో, కాఫీ కొట్లలో వేయించుకున్న ముద్రలతో అది నిండి ఉంటుంది. ఆఖరి వంద కిలోమీటర్లలో రోజుకు రెండు ముద్రలైనా ఉండాలి. అవతలి మనిషి ముద్రల తేదీలు వరసగా చూసి, ఎక్కడ మొదలుపెట్టారు, ఎలా వచ్చారు, ఎందుకు వచ్చారు అని అడుగుతాడు. కాలినడకనో గుర్రం మీదనో కనీసం 100 కిలోమీటర్లు, సైకిలైతే 200 కిలోమీటర్లు వచ్చి ఉండాలి. వచ్చిన కారణం భక్తో, ఆధ్యాత్మికమైన వెతుకులాటో అయి ఉండాలి. అప్పుడు పేరును లాటిన్‌లోకి మార్చి రాసి, కాంపొస్టెలా అనే పత్రం ఉచితంగా ఇస్తారు. నడవలేని మనిషి కోసమో, పోయిన మనిషి పేరు మీదో నడిచామంటే ఆ సంగతీ పత్రంలో రాసిస్తారు. ఇంకో మూడు యూరోలు పెడితే ఎన్ని కిలోమీటర్లు నడిచారో తెలిపే దూరపు సర్టిఫికెట్ వేరే ఉంది. భక్తికి పత్రం ఉచితం, దూరానికి మాత్రం రుసుము!

100 కిలోమీటర్లంటే జెట్ విమానం ఏడెనిమిది నిమిషాల్లో దాటే దూరం. మాడ్రిడ్ నుంచి ఎగిరి వచ్చినవాడు దాన్ని దాటే వచ్చాడు, పైగా దానికి నాలుగు రెట్లు దాటాడు. అయినా అతనికి ఆ పత్రం లేదు.

ఈ నిబంధన చూస్తే నడక అనేది ఈ యాత్రకు పుట్టుకతో వచ్చిన గుణమని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ క్షేత్ర పురాణం వేరే చెబుతోంది. యాకోబు తల నరికింది జెరూసలేంలో. శిష్యులు ఆయన దేహాన్ని జఫా రేవులో పడవ ఎక్కిస్తే, దైవ సహాయంతో ఏడే రోజుల్లో అది మధ్యధరా సముద్రమంతా దాటి, అట్లాంటిక్‌లోకి మళ్లి, గలీసియా తీరంలోని పద్రోన్ దగ్గర ఒడ్డుకు చేరిందని కథ. కొందరు ఆ పడవ రాతి పడవని కూడా అంటారు. ఏ లెక్కన చూసినా ఆ కాలానికి అది అసాధ్యమైన వేగం. అంటే శాంటియాగోకు అందరికన్నా ముందు, అందరికన్నా వేగంగా వచ్చినవాడు ఆ పుణ్యపురుషుడే, అదీ ఒక్క అడుగు వేయకుండా.

చరిత్రలోకి వచ్చినా అంతే. ఇంగ్లండ్ యాత్రికుల్లో చాలామంది ఓడ మీదే వచ్చేవారు. 1456లో విలియం వే అనే ఈటన్ కాలేజీ ఫెలో ప్లిమత్‌లో ఓడ ఎక్కి నాలుగు రోజుల్లో ఆ కొరూన్యా రేవులో దిగాడు. రేవులో 84 ఓడలు లెక్కపెట్టాడు, వాటిలో 32 ఇంగ్లీషువి. అన్నీ భక్తులతో వచ్చినవే కాకపోవచ్చు గానీ, ఆ కాలపు యాత్రలో సముద్ర మార్గం ఎంత రద్దీదో దాన్నిబట్టి తెలుస్తుంది. ఆ కొరూన్యా నుంచి శాంటియాగోకు 75 కిలోమీటర్లు కూడా లేదు. వే గనుక ఇవాళ కర్రెతాస్ వీధి కౌంటర్ ముందు నిలబడితే, వంద నిండలేదని వెనక్కి పంపాలి. ఈ ఇబ్బంది కెథడ్రల్ పెద్దలకూ తట్టింది. సొంత దేశంలో ఏదైనా పుణ్యస్థలం దారిలో 25 కిలోమీటర్లు నడిచినట్టు చూపిస్తే, ఆ కొరూన్యా నుంచి నడిచినవాళ్లకు కూడా పత్రం ఇవ్వడానికి కొన్నేళ్ల కిందట ఒప్పుకున్నారు. అంకె సరిపోవడానికి దూరాన్ని ఇంటి దగ్గర కొంత, ఇక్కడ కొంత పోగు చేయించడమన్న మాట. దైవభక్తిలో ఇంత గుమాస్తాతనం అవసరమా అనిపిస్తే అది చదివేవారి తప్పు కాదు.

అసలు దూరానికి దేవుడి దగ్గర విలువ ఉందా అన్న తగువు శాంటియాగో పుట్టకముందు నుంచీ ఉంది. నాలుగో శతాబ్దంలో నిస్సా పట్టణపు బిషప్ గ్రెగొరీ స్వయంగా జెరూసలేం వెళ్లొచ్చాడు. వచ్చాక రాసిన ఉత్తరంలో, చోటు మారినంత మాత్రాన దేవుడు దగ్గర కాడని, తీర్పు రోజున దేవుడు అడిగే మంచి పనుల జాబితాలో జెరూసలేం ప్రయాణం లేదని తేల్చాడు. అక్కడ దేవుడు ఎక్కువగా ఉంటే ఆ ఊళ్లో అంత పాపం ఎందుకుంటుందని కూడా నిలదీశాడు. తర్వాత కొద్ది ఏళ్లకే బెత్లెహేములో స్థిరపడిన క్రైస్తవ పండితుడు జెరోము, పౌలినుస్ అనే మిత్రుడికి రాస్తూ, స్వర్గం జెరూసలేం నుంచి ఎంత దూరమో బ్రిటన్ నుంచీ అంతే దూరమన్నాడు. తమాషా ఏమిటంటే, అదే జెరోము మరో సందర్భంలో రోమ్‌లో ఉన్న మార్సెల్లా అనే ఆవిడను బెత్లెహేముకు వచ్చెయ్యమని బతిమాలించాడు. దేవుడు అన్ని చోట్లా ఉంటాడని చెప్పేవాళ్లంతా ఏదో ఒక చోటికి వెళ్లొచ్చి చెప్పినవాళ్లే కావడం ఈ తగువులో మొదటి నుంచీ ఉన్న చిక్కు.

16వ శతాబ్దంలో ఈ వాదం వెటకారంలోకి దిగింది. 1526లో డచ్ పండితుడు ఎరాస్మస్ ఒక సంభాషణ రాశాడు. అందులో ఒకడు కాంపొస్టెలాతో సహా క్షేత్రాలన్నీ తిరిగొచ్చి గొప్పలు చెబుతుంటే, వాడి మిత్రుడు తాను మాత్రం ఇంట్లోనే గది గదికీ వెళ్లి, వంటింట్లో పని సరిగా సాగుతోందో లేదో చూసుకుంటూ తన యాత్ర ముగిస్తానంటాడు. మత సంస్కర్త లూథర్ అంత సున్నితం కాదు. శాంటియాగో సమాధిలో ఉన్నది యాకోబో చచ్చిన కుక్కో ఎవరికి తెలుసన్నాడు. తిట్టు పక్కన పెడితే అతని అసలు అభ్యంతరం గట్టిది. యాత్ర పేరుతో డబ్బు తగలేసి, ఆలుబిడ్డల్ని ఇంటి దగ్గర పస్తు పెట్టమని దేవుడు ఎక్కడా చెప్పలేదు కదా అన్నాడు. గంటంపావు విమానం లూథర్ అభ్యంతరాన్ని చాలావరకు తీర్చేస్తుంది. పొద్దున బయలుదేరి, సమాధికి దండం పెట్టి, రాత్రి భోజనానికి ఇంటికి చేరొచ్చు. నడకే అతని నేరారోపణకు నిలబడుతుంది. నెలపాటు ఉద్యోగం, ఇల్లు వదిలి నడవగలిగేది ఎవరు? సెలవూ డబ్బూ ఉన్నవాళ్లు, లేదా పింఛనుదార్లు.

ఇదే స్పెయిన్‌లో, ఆ లాటిన్ మార్గదర్శిని రాసిన 12వ శతాబ్దంలోనే, మరో మతపు న్యాయశాస్త్రం ఈ ప్రశ్నను ఇంకా సూటిగా అడిగింది. ఇస్లాంలో ప్రయాణికుడికి నమాజును కుదించుకునే వెసులుబాటు ఉంది. ఎంత దూరం పోతే ప్రయాణికుడు? కొర్దోబాలో పుట్టిన ఇబ్న్ రుష్ద్ తన న్యాయ గ్రంథం బిదాయతుల్ ముజ్తహిద్‌లో ఈ భేదాభిప్రాయాలను వరసపెట్టాడు. ఇమామ్ మాలిక్ పక్షంవారు ఒక రోజు ప్రయాణమంత దూరమన్నారు. నేటి కొలతలో దాన్ని సుమారు 80 కిలోమీటర్లుగా లెక్కగడతారు. అబూ హనీఫా పక్షం మూడు రోజుల ప్రయాణమంది. జాహిరీలు దూరంతో పనే లేదు, ప్రయాణమంటే ప్రయాణమే అన్నారు. తగువు ఎక్కడ పుట్టిందో కూడా ఇబ్న్ రుష్ద్ పట్టుకున్నాడు. వెసులుబాటు ఇచ్చింది కష్టం చూసా, లేక ప్రయాణం అన్న పేరు చూసా? కష్టం చూసి అయితే గంటంపావు ఏసీలో కూర్చున్నవాడికి అది వర్తించకూడదు. పేరు చూసి అయితే అతను నిస్సందేహంగా ప్రయాణికుడే. నేటి పండితుల్లో ఎక్కువమంది దూరాన్నే పట్టుకుని, విమానంలో పోయేవాడికీ వెసులుబాటు ఉందంటారు. కర్రెతాస్ వీధి కౌంటర్ మాత్రం కష్టం వైపు మొగ్గింది.

కానీ క్యాథలిక్ చర్చి అసలు వైఖరి ఆ కౌంటర్ వైఖరి కాదు. జులై 25 యాకోబు పండగ. అది ఆదివారం పడిన ఏడాదిని శాంటియాగోలో పవిత్ర సంవత్సరంగా జరుపుతారు. 2010 అలాంటిది, 2021 అలాంటిది. కోవిడ్ వల్ల 2021ని పోప్ ఫ్రాన్సిస్ మరుసటి ఏడాది చివరి దాకా పొడిగించారు. రాబోయేది 2027. ఆ ఏడాది కెథడ్రల్ దర్శించి, ప్రార్థన చేసి, పాపాలు ఒప్పుకుని, ప్రభువు భోజనం స్వీకరించినవారికి పూర్తి పాపశిక్షా విముక్తి దొరుకుతుందని చర్చి బోధ. ఆ షరతుల్లో నడక లేదు. దూరం లేదు. వాహనం ప్రసక్తి లేదు. మాడ్రిడ్ నుంచి పొద్దుటి విమానంలో వచ్చి ఈ నాలుగూ చేసినవాడికి ఆ విముక్తి పూర్తిగా దక్కుతుంది. నెల నడిచి వచ్చి, పాపాలు ఒప్పుకోకుండా పత్రం మాత్రం తీసుకున్నవాడికి పత్రమే దక్కుతుంది. ఆత్మ దగ్గర అడగని నడకను కాగితం దగ్గర అడుగుతున్నారు.

2010 నవంబర్ 6న పోప్ బెనెడిక్ట్ 16 లవకోయా విమానాశ్రయంలో దిగి, తానూ యాత్రికుడిగానే వచ్చానని చెప్పుకున్నారు. రోమ్ నుంచి శాంటియాగోకు గగన మార్గంలో దాదాపు 1,700 కిలోమీటర్లు. 83 ఏళ్ల పెద్దాయన ఆ మాట అన్నప్పుడు ఆయన యాత్రికుడు కాదని ఎవరూ అనలేదు, అనడానికి శాస్త్రంలో చోటూ లేదు. కంచెకు పుల్లల శిలువలు గుచ్చినవాళ్లు ఆ దారినే నడిచిపోయారు. పోప్ కారులో పోయారు.

మరి నడకకు ఇంత పట్టు ఎక్కడి నుంచి వచ్చింది? లెక్కలు చూస్తే జవాబు తడుతుంది. 1980ల నడుమ ఏడాది పొడుగునా కాంపొస్టెలా తీసుకున్నవాళ్లు రెండు మూడు వేలకు మించరు. దారి చాలాచోట్ల పొదల్లో మాయమైపోయింది. ఓ సెబ్రెయ్రో అనే కొండ ఊరి పాదిరి ఎలియాస్ వలీన్యా 1984లో పసుపు రంగు డబ్బా పట్టుకుని బయలుదేరి, పైరనీస్ నుంచి గలీసియా దాకా చెట్లకు, గోడలకు, రాళ్లకు బాణాలు వేసుకుంటూ పోయాడు. ఇవాళ ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ పసుపు బాణం అలా పుట్టిందే. 1987లో ఐరోపా మండలి ఈ దారిని తన మొట్టమొదటి సాంస్కృతిక మార్గంగా ప్రకటించింది. 1993లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. 2024లో పత్రం తీసుకున్నవాళ్లు దాదాపు 5 లక్షలు. అంటే ఈ నడక పునర్జన్మ ఎత్తింది జెట్ విమానాలు మామూలైపోయిన తర్వాతే. ఆ ఐదు లక్షల్లో సముద్రాలు దాటి వచ్చినవాళ్లు దాదాపు అందరూ స్పెయిన్ దాకానో, ఆ పొరుగు దాకానో విమానంలో వచ్చినవాళ్లే.

వేరే దారి లేనప్పుడు నడక భక్తి కాదు, గత్యంతరం. మధ్యయుగపు రైతుకు పొరుగూరి సంతకు పోవడానికీ నడకే, శాంటియాగోకు పోవడానికీ నడకే. గుర్రం ఉన్నవాడు గుర్రం ఎక్కేవాడు, ఓడకు డబ్బున్నవాడు ఓడ ఎక్కేవాడు. గంటంపావులో చేరే వీలుండి దాన్ని వద్దనుకున్నప్పుడే నడక ఒక మొక్కు అయింది. విమానం యాత్రను చంపలేదు. నడకకు ఒక అర్థం కట్టబెట్టింది. తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. 1944లో తిరుమలకు ఘాట్ రోడ్డు పడక ముందు అలిపిరి మెట్లు ఎక్కడం కొండకు వెళ్లడమే. బస్సు వచ్చాక గాని అది మెట్ల మొక్కుగా నిలబడలేదు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసులో బయలుదేరి కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. మజిలీ మజిలీకి దూరం, నీళ్ల వసతి, కొట్లు, దారి ఎత్తుపల్లాలు అన్నీ ఓపిగ్గా రాసుకున్న మనిషి. పదిహేను నెలల ఆ ప్రయాణంలో ఆయన వాహనం పల్లకీ. మోసినవాళ్లు బోయీలు. మద్రాసు నుంచి కాశీకి దూరాన్ని కాళ్లతో కొలిచింది వాళ్లు. కాశీయాత్ర చేసినవాడన్న పేరు వీరాస్వామయ్యది. ఇందులో ఆయన తప్పేమీ లేదు, అది ఆ కాలపు పద్ధతి. కానీ యాత్రాఫలం కాళ్ల కష్టాన్నిబట్టే వచ్చేట్టయితే లెక్క తిరగబడాలి. శాంటియాగో చరిత్రలోనూ ఇలాంటి మోత ఒకటుంది. 997లో కొర్దోబా సేనాని అల్‌మన్సూర్ ఆ ఊరి మీద పడి కొల్లగొట్టి, గుడి గంటల్ని క్రైస్తవ బందీల భుజాల మీద కొర్దోబాకు మోయించాడంటారు. 1236లో కొర్దోబా క్రైస్తవ రాజు ఫెర్డినాండ్ చేతికొచ్చాక, అవే గంటల్ని ముస్లిం బందీల చేత తిరిగి శాంటియాగోకు మోయించాడంటారు. దేశం నిలువునా నడిచిన ఆ మనుషులకు ఏ కౌంటరూ పత్రం ఇవ్వలేదు. కాబట్టి ఒట్టి నడకలో, ఒట్టి దూరంలో పవిత్రత ఏమీ లేదు. ఎంచుకున్న నడకలోనే ఉంటే ఉంది.

ఎంచుకోవడం అన్న మాట రాగానే దాంతోపాటు బేరసారాలూ వస్తాయి. సర్రియా అనే ఊరు శాంటియాగోకు 115 కిలోమీటర్ల దూరంలో ఉంది. వందకు కాస్త పైన. రైలు దిగడానికి వీలు. అన్ని ఊళ్లకన్నా ఎక్కువమంది నడక మొదలుపెట్టేది అక్కడే. వీపు సంచి ఒక మజిలీ నుంచి తరవాతి మజిలీకి చేర్చిపెట్టడానికి వ్యాన్లున్నాయి, స్పెయిన్ తపాలా శాఖ కూడా ఆ సేవ నడుపుతోంది. సాన్ జాన్ నుంచి వచ్చినవాళ్లు సర్రియాలో చేరినవాళ్లని ఓరకంటితో చూస్తారు. టూరిస్టుకీ యాత్రికుడికీ అంటుకట్టి తూరిగ్రినో అని ఒక ఎగతాళి పేరు కూడా పెట్టారు. సొంత ఊరి గడప దగ్గర నుంచే నడిచొచ్చిన జర్మన్ ముసలాయన ఎవరైనా ఎదురైతే ఆ సాన్ జాన్ వాళ్లూ చిన్నబోతారు. దూరాన్ని పుణ్యానికి కొలబద్ద చేస్తే దానికి అంతు ఉండదు. మనకన్నా ఎక్కువ నడిచినవాడు ఎప్పుడూ ఒకడుంటాడు.

అలాగని అంతా ఒకటేనని తేల్చేయడమూ తొందరపాటే. 1950లో జర్మన్ తత్వవేత్త హైడెగ్గర్ ఒక ప్రసంగం మొదలుపెడుతూ, విమానం వల్ల దూరాలన్నీ కుంచించుకుపోతున్నాయి గానీ దూరం పోయినంత మాత్రాన దగ్గరితనం వస్తోందా అని ప్రశ్నించాడు. ఈ ప్రశ్నను తోసిపుచ్చడం కష్టం. మాడ్రిడ్ నుంచి వచ్చే విమానం కింద కాస్తీల్ పీఠభూమి, లెయోన్ కొండలు, గలీసియా యూకలిప్టస్ అడవులు అన్నీ ఉన్నాయి. కిటికీ పక్క సీటు దొరికితే కనిపిస్తాయి కూడా. కానీ ఆ మనిషి ప్రయాణంలో వాటికి పాత్ర లేదు. అవి లేకపోయినా గంటంపావు గంటంపావే. నడిచేవాడి విషయంలో అలా కుదరదు. ఓ సెబ్రెయ్రో ఎక్కే రోజు వాన పడితే ఆ రోజు మారిపోతుంది. మడమ మీద బొబ్బ లేస్తే పథకం తలకిందులవుతుంది. ముక్కూ మొహం తెలియనివాడు మోకాలికి కట్టు కడతాడు. రాత్రి సత్రంలో పైబెర్తువాడి గురక భరించాలి. దారి అతన్ని ఏదో ఒకటి చేస్తుంది. అది మంచే చేస్తుందని హామీ లేదు.

ఈ తేడాను వేదాంతులకన్నా జడ్జీలు ముందు కనిపెట్టారు. మధ్యయుగంలో ఫ్లాండర్స్ పట్టణాల కోర్టులు కొట్లాటలకు, హత్యలకు కూడా శాంటియాగో యాత్రను శిక్షగా వేసేవి. వెళ్లొచ్చినట్టు రుజువు తేవాలి. డబ్బున్నవాళ్లు సొమ్ము కట్టి తప్పించుకునే వీలూ పెట్టారు, అది వేరే కథ. 1982లో బెల్జియంలో ఒయికోటెన్ అనే సంస్థ ఆ పాత ఆలోచననే పట్టుకుని, నేరాల్లో చిక్కిన కుర్రాళ్లను నిర్బంధానికి బదులు ఒక పెద్దమనిషి తోడుతో శాంటియాగోకు నడిపించింది. ఫ్రాన్స్‌లో బెర్నార్ ఒలివియే అనే ఆయన 2000లో స్థాపించిన సంస్థా అదే బాటలో పరాయి దేశాల్లో నెలల తరబడి నడిపిస్తోంది. మాడ్రిడ్‌లో విమానమెక్కి శాంటియాగోలో దిగు అని ఏ జడ్జీ తీర్పు చెప్పడు. అక్కడ పని చేసేది కిలోమీటర్లు కాదు. ఒకే పని మీద, ఒకే మనిషి పక్కన, తప్పించుకునే వీలు లేకుండా గడిచే రోజులు. అందుకే 780 కిలోమీటర్లన్న అంకెకన్నా నెల రోజులన్న అంకెకు బరువెక్కువ. గ్రెగొరీ బిషప్ అన్నట్టు చోటు మారితే దేవుడు దగ్గర కాకపోవచ్చు. నెల రోజులపాటు తన కూడా తానే ఉండాల్సి వస్తే మనిషి మాత్రం కాస్త కదిలే అవకాశం ఉంది. విమానం మిగిల్చిపెట్టేది సరిగ్గా ఆ నెలనే. దాన్ని దేనికి వాడాలన్నది పూర్తిగా ప్రయాణికుడి చేతుల్లో ఉంది. మంచాన పడ్డ తల్లి దగ్గర ఉండటానికి వాడినవాడు లూథర్ దృష్టిలో గొప్ప యాత్రికుడు.

ఒక్క విషయంలో మాత్రం ఈ కాలపు నడక కూడా సగం నడకే. మధ్యయుగంలో శాంటియాగో యాత్రకు సగం దూరం అయ్యేసరికి వచ్చేది శాంటియాగో. సమాధికి మొక్కి, యాత్ర గుర్తుగా టోపీకి ఆల్చిప్ప తగిలించుకుని, మళ్లీ అన్ని కొండలూ, అన్ని నదులూ, అంతమంది దొంగల్నీ దాటి ఇల్లు చేరాలి. ఇవాళ నెల నడిచి వచ్చినవాళ్లలో చాలామంది పత్రం గొట్టంలో పెట్టుకుని, మర్నాడు లవకోయా బస్సెక్కుతారు. ముందు రోజు రెండున్నర గంటలు పట్టిన దారి అరగంటలో వెనక్కి పోతుంది. సంచిని చెక్ చేసిన సిబ్బంది చేతికర్రను లోపలికి తేకూడదంటారు. పైన చెప్పిన గంటంపావు అప్పుడు మొదలవుతుంది. వెళ్లేదారిలో విమానాన్ని వద్దనుకున్నవాళ్లు వచ్చేదారిలో దాన్ని ఎంచక్కా ఒప్పుకుంటారు. దీన్ని ఎవరూ తప్పుపట్టరు. కార్యాలయంలో ముద్రలు చూసే మనిషి ఇంటికెలా వెళ్తారని అడగడు.

వెనక్కి కూడా నడిచే మొండివాళ్లు కొద్దిమంది ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల కష్టం వేరు. పసుపు బాణాలన్నీ పడమటికే చూపిస్తాయి, వేసింది వచ్చేవాళ్ల కోసం కాబట్టి. తూర్పుకు పోయేవాడు ప్రతి చౌరస్తాలో ఆగి, దాటిపోయిన చెట్టు వెనక్కి, గోడ అవతలికి వెళ్లి బాణం ఎక్కడుందో చూసుకుని, దానికి వ్యతిరేక దిశలో నడవాలి. అప్పటికీ ఎదురొచ్చేవాళ్లు ఊరుకోరు. బాబూ, శాంటియాగో అటు కాదు, ఇటు అని పిలిచి మరీ చెబుతారు.